మంత్రిగారికి నిజం చెప్పేవాడు

గద్వాల ఫంక్షన్ హాల్లో మంత్రిగారు ఆ రోజు చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. ఇకమీదట పార్టీలో జీ హుజూర్ మనుషులకు చోటు లేదన్నారు. మనిషన్నాక సత్యం, స్వావలంబన, సొంత వ్యక్తిత్వం ఉండాలన్నారు. వెనక నిలబడ్డ పీఏ శివకుమార్ ఒక్కో మాటా చెవిలో అందిస్తుంటే తడబడకుండా అన్నారు. వచ్చే సోమవారం ఎవరు తన మొహం మీద నిజం చెబుతారో వాళ్లకే జడ్పీటీసీ టికెట్ అని ముగించారు.

ఇటిక్యాల మండలం నుంచి వచ్చిన భీమన్న అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. జెండా మోసి మోసి అతని భుజం ఒకవైపు వంగింది. టికెట్ మీద ఆశ ఉన్న మాట నిజమే. అంతకంటే పెద్ద అవసరం ఇంట్లో ఉంది. బిడ్డ కృప తొలి పురుటికి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. ఊరికీ దవాఖానకూ మధ్య వాగు. ఆ వాగు మీద కల్వర్టుకు మంత్రిగారు రెండు ఎన్నికలకూ రెండుసార్లు శంకుస్థాపన చేశారు. శిలాఫలకాలు రెండూ ఒడ్డున చెక్కుచెదరకుండా ఉన్నాయి. కల్వర్టు ఒక్కటే రాలేదు.

ఆ వారమంతా శివకుమార్ ఇంటి ముందు కార్యకర్తలు బారులు తీరారు. ఏ నిజం చెప్పాలో కనుక్కోవడానికి. ఎవరికి వారే ఆలోచించి ఏదో ఒక నిజం చెప్పేస్తే పార్టీకి నష్టం కదా. భీమన్న కూడా పోదామనుకున్నాడు గానీ భార్య పుష్పమ్మ గుమ్మంలోనే ఆపింది.

“నిజం చెప్పమన్నది ఆయననే గదా. మల్ల ఎవల్ని అడుగుతవ్? కల్వర్టు ముచ్చట చెప్పు. అది చెప్పకుంటే ఇంటికి రాకు.”

సోమవారం మొదట తిరుపతి లేచాడు. టికెట్ రేసులో అందరికంటే ముందున్నవాడు. కోపంతో అతని మొహం ఎర్రబడింది.

“సార్, మీరు ఏమన్న అనుకోండ్రి, నేను మొహం మీదనే చెప్త. మీది తప్పు. జనం జనం అని తిండి మానేస్తున్నరు, నిద్ర మానేస్తున్నరు. మీ పానం మీద మీకు జర గూడ సోయి లేదు.”

మంత్రిగారు తల వంచి తప్పు ఒప్పుకున్నారు. తర్వాతివాడు మంత్రిగారి మెతకతనాన్ని చీల్చి చెండాడాడు. ఆ వెనకవాడు, ఇంత పేదరికంలో బతుకుతూ మూడే కార్లు ఉంచుకున్నారేమని నిలదీశాడు. అప్పుడు భీమన్న లేచాడు.

“సార్, మా వాగు కాడ రెండుసార్లు కొబ్బరికాయ కొట్టినరు. కల్వర్టు లేదు. వానొస్తే మా ఊరు ఆడనే ఆగిపోతది. నా బిడ్డ నిండు మనిషి.”

మంత్రిగారు శివకుమార్‌ను చూశారు. శివకుమార్ విలేకరులను చూశాడు. వాళ్లు అప్పటికే కెమెరాలు ఎత్తారు. అంతే, మంత్రిగారు వేదిక దిగి వచ్చి భీమన్నను గట్టిగా కౌగిలించుకున్నారు. ఇలాంటి మనిషి కోసమే ఇన్నాళ్లుగా వెతుకుతున్నానన్నారు. కౌగిట్లోంచే భీమన్న, కల్వర్టు ఎప్పుడు సార్ అని అడిగాడు.

“ముందు నువ్వు దొరికినవ్ గదా. కల్వర్టు ఏడికి పోతది?” అన్నారు మంత్రిగారు.

ఇంత గొప్ప నిజాన్ని ఒక్క మండలానికే వదిలేయడం అన్యాయమనిపించి మంత్రిగారు మూడు జిల్లాల సత్యయాత్ర ప్రకటించారు. భీమన్నకు తెల్లచొక్కా కుట్టించారు, కాన్వాయ్‌లో చోటిచ్చారు. ఏ ఊళ్లో సభ పెట్టినా అతను లేచి అదే నిజం చెప్పాలి. మంత్రిగారు తల వంచి వినాలి. ఇంత మాట పడి కూడా కోప్పడని నాయకుణ్ని ఎన్నడూ చూడలేదని వనపర్తిలో పెద్దమనుషులు కళ్లు తుడుచుకున్నారు. ఒకచోట రైతులు కొందరు లేచి తమ ఊరి నిజం చెప్పబోతే పోలీసులు మర్యాదగా కూర్చోబెట్టారు. చెప్పే మనిషిని వెంట తెచ్చుకున్నాం, మీకెందుకు పరేషానీ అన్నారు.

శివకుమార్ కూడా కష్టపడ్డాడు. నిజం ఉంటే చాలదు, అది వెనక వరసకు చేరాలని అతని సిద్ధాంతం. “‘నా బిడ్డ’ అన్నకాడ గొంతు జర వణకాలె అన్న,” అని దారంతా నేర్పించాడు. కల్వర్టు సంగతి అడిగినప్పుడల్లా యాత్ర అయిపోనీ అన్నాడు. టికెట్ మాత్రం చేతిలో ఉన్నట్టే అన్నాడు. రెండో మాట వినబడ్డాక భీమన్న మొదటి మాట మళ్లీ అడిగేవాడు కాదు.

బల్మూర్ సభనాటికి వానలు పట్టాయి. భీమన్న వేదిక మెట్లెక్కుతుండగా పుష్పమ్మ ఫోన్ చేసింది. కృపకు నొప్పులు మొదలయ్యాయట. అంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగిపోయిందట. ఊళ్లోని అబ్దుల్ హమీద్ తన జేసీబీ తెచ్చి, పుష్పమ్మనూ కృపనూ ముందు బకెట్లో కూర్చోబెట్టి నీళ్లలోకి దింపుతున్నాడట.

“నువ్వు ఆ సారు పక్కనే ఉన్నవ్ గదా. జర చెప్పు. ఎవలనన్న పంపమను,” అంది. లైన్ తెగిపోయింది.

భీమన్న పోయి మైకు గుంజుకున్నాడు.

“సార్, ఇది రోజు చెప్పే ముచ్చట గాదు. గిప్పుడే, ఈ గడియలనే, నా బిడ్డ జేసీబీ బకెట్ల కూసోని వాగు దాటుతుంది. కలెక్టర్‌కు చెప్తరో, ఎవలకు చెప్తరో, ఒక్క ఫోన్ జెయ్యండ్రి సార్.”

గొంతు వణికింది. సరిగ్గా నేర్పిన చోటే.

సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంత్రిగారు జేబురుమాలు తీసి కళ్లొత్తుకుని మైకు అందుకున్నారు.

“చూసిండ్రా. ఆ ఆడబిడ్డ సర్కారు కోసం ఎదురుచూడలే. ఎవలకు చెయ్యి చాపలే. తన బకెట్ల తాను కూసున్నది. నేను మొదటి సంది చెప్తున్న స్వావలంబన ఇదే.”

భీమన్న వేదిక మూలకు పోయి పుష్పమ్మకు ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు. శివకుమార్ వచ్చి అభిమానంగా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“బకెట్ ముచ్చట మస్తుగున్నదన్న. రేపు నాగర్‌కర్నూల్ల గూడ గదే చెప్పు. కానీ ఆడికే ఆపు. దాటిందా లేదా అన్నది మాత్రం చెప్పకు.”