కుడికాలి పుండు, ఎడమకాలి పసరు

డ్రిల్లు మాస్టారు రిటైరై ఆరేళ్లయినా ఆయన కాళ్లు ఇంకా రిటైరు కాలేదు. చక్కెర జబ్బు పుణ్యమా అని కుడి మడమ కింద పుండు పడి, రెండు నెలలుగా మానడం లేదు. కాలు నేల మోపకుండా కూర్చోకపోతే చివరికి కాలే తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ హెచ్చరించింది. ఆయన బుద్ధిగా తలూపి, మూడంతస్తుల మెట్లు దిగి, నడిచే ఇంటికొచ్చారు.

మర్నాడు ఉదయం వాకింగుకని బూట్లు వెతుక్కుంటుంటే భార్య గిన్నెతో అడ్డొచ్చింది. గడ్డిచేమంతి ఆకు పసరట. చక్కెర పుళ్లకు మూలికలు పనికొస్తాయేమోనని ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారని వారపత్రికలో చదివిందట. రాశాక గంటసేపు కదలకూడదట, అదీ పూటపూటా.

ఆ కాలికి స్పర్శ సరిగా తెలియకపోయినా మాస్టారికి మంటంటే మహా భయం. భార్య కంట్లో శుక్లం ఉన్న సంగతి చటుక్కున గుర్తొచ్చింది. కుడికాలికి మేజోడు తొడిగేసి, ఏమీ ఎరగనట్టు ఎడమకాలు చాపారు. ఆమె శ్రద్ధగా పసరు రాసి గుడ్డ కట్టింది. నర్సు వచ్చి అసలు పుండుకు కట్టు మార్చే వేళకు ఆమె ఎలాగూ బజారులో ఉంటుంది. తన తెలివికి తానే మురిసిపోయారు.

నాలుగో రోజు ఆమె గుడ్డ విప్పి, అరికాలు తడిమి, మచ్చైనా లేకుండా మానిందని ప్రకటించింది. పుండే లేని కాలికి మచ్చెక్కడిది? మధ్యాహ్నానికల్లా పైవాటావాళ్లు, సాయంత్రానికి వీధి వీధంతా వింత చూడటానికి దిగారు. ఆకు అడిగినవాళ్లను మాత్రం ఆమె ముందు డాక్టరమ్మను కనుక్కోమని పంపేసేది. మాస్టారికి లేచే దారి లేదు. లేస్తే కుంటాలి, కుంటితే గుట్టు రట్టవుతుంది. పన్నెండు రోజులు కుర్చీకి అతుక్కుపోయారు.

పదమూడో రోజు లారీ నడిపే బావమరిది వచ్చాడు. అతనికీ చక్కెరే, బొటనవేలికి పుండు.

"బావా, రేపట్నుంచి ఆస్పత్రి మానేస్తున్నా. అక్క పసరే రాసుకుంటా."

తన పరువు కోసం ఇంకొకడి కాలు పోగొట్టడం ఆయన వల్ల కాలేదు. మేజోడు లాగి అవతల పారేసి, జరిగిందంతా కక్కేశారు.

బజారుకు బయల్దేరిన భార్య గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది. తాపీగా కూరగాయల సంచి కింద పెట్టింది.

"ఏ కాలు చాపారో మొదటిరోజే చూశాను. శుక్లం కంటికొచ్చింది, బుర్రకు కాదు. మీరు కుడికాలు చాపుంటే గిన్నె నేనే ఒలకబోసేదాన్ని. పుండు మీద పసరు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది."

"మరి వీధంతటినీ ఎందుకు పోగేశావు?"

"పసరుతో మీరు కూర్చునేది గంటేగా. మిగతా పొద్దంతా ఎవరు కూర్చోబెడతారు?"

బావమరిది ఆ ఉదయమే ఆస్పత్రిలో వేయించుకున్న కొత్త కట్టు చూపించాడు. అక్క ఫోన్లోనే అంతా చెప్పిందనీ, బావ ఎన్నాళ్లు బిగబట్టుకుంటారో చూద్దామని వచ్చాననీ చెప్పాడు.

అంతలో నర్సు వచ్చి పుండు కొలిచింది. సగానికి సగం తగ్గింది. ఇంకో నెల ఇలాగే కాలు మోపకుండా ఉంటే గండం గడిచినట్టేనంది.

డ్రిల్లు మాస్టారు జన్మలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే కూర్చున్నారు.