దొబ్రినక్క కొట్టుకి పట్టించిన బగ్గు

"మొన్న జూలైలో మన డబ్బులోంచి మూడు సున్నాలు పీకి పారేసిన ప్రభుత్వానికి, జనవరిలో తారీఖులోకొచ్చే మూడు సున్నాలొక లెక్కా?" అన్నారు సహాయ మంత్రి అసెన్ గ్రూదొవ్ గారు, మా దొల్నా స్లివా టౌన్ హాల్లో. ఎంత మాట! 1999 నవంబరది. 2000 రాగానే తారీఖు తికమకపడి కంప్యూటర్లు పడకేస్తాయన్నారే, ఆ బగ్గుని బల్గేరియా కంప్యూటర్లన్నిట్లో ఏరేసే భారం ఆయన భుజాల మీదే ఉంది. చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాం.

ఆర్డరూ అక్కడే చదివారు. గోడకి ప్లగ్గున్న ప్రతి వ్యాపారమూ బగ్గు తీయించుకుని సర్టిఫికెట్ పుచ్చుకోవాలి. లేదంటే కొత్త సంవత్సరంలో కొట్టు తెరవకూడదు. నేను చెప్పులు కుట్టేవాణ్ణి, ప్లగ్గు లేదు, బతికిపోయాను. పక్కకొట్టు దొబ్రినక్కకి కరెంటు పొయ్యి ఉంది. మొగుడు పోయాక చీజు పొరల బనిత్సాలు కాల్చి అమ్ముకుంటూ దాని మీదే బతుకుతోంది.

మర్నాడే మంత్రిగారు ఇంజినీరుతో సహా స్వయంగా దిగారు.

"కంప్యూటరేదమ్మా?"

"లేదు బాబూ."

"అయ్యయ్యో! మరి బగ్గు?"

"అదీ లేదు."

"లేని బగ్గు తీయడమంటే మాటలా? ఖర్చవుతుంది," అన్నారు దిగులుగా.

ఆయనది జాలిగుండె. ఆఫీసులో మూలపడ్డ పాత కంప్యూటరొకటి తెప్పించి పొయ్యి పక్కన పెట్టించారు. ఇంజినీరు పరీక్షించి, "బగ్గు మొదటి రకం సార్!" అన్నాడు. తర్వాత తీసేశాడు.

"మొత్తం ఎంత బాబూ?" అంది అక్క.

"ఐదు లక్షలు," అన్నారు మంత్రిగారు.

సున్నాలు పోయి నెలలైనా మా ఊళ్లో అందరం పాత లెక్కే మాట్లాడతాం. పాత ఐదు లక్షలంటే కొత్త ఐదొందల లెవాలు. "చలికాలం సంపాదనంతా హుళక్కి!" అని గొణుక్కుంటూ సరేనంది.

డిసెంబరాఖర్న బిల్లొచ్చింది. ఐదు లక్షలు, కొత్త లెవాల్లో. మా వీధి వీధంతా అమ్మినా అంత రాదు.

అక్క బిల్లు పట్టుకుని టౌన్ హాల్లో ఉన్న మంత్రిగారి దగ్గరికి పరిగెత్తింది, వెనకాలే నేను.

"మూడు సున్నాలు ఎక్కువ పడ్డాయి నాయనా!"

"అసంభవం. బిల్లు కొట్టింది బగ్గు తీసేసిన కంప్యూటరు."

"మీరు నోటితో చెప్పింది పాత లెక్క కాదూ?"

"రద్దయిన డబ్బులో మంత్రి మాట్లాడతాడా? నువ్వన్న మాట నేను విన్లేదనుకుంటాలే," అన్నారు పెద్దమనసుతో.

నాకు ఒళ్లు మండిపోయింది.

జనవరి ఐదున బాకీ కింద పొయ్యి పట్టుకుపోయి కొట్టుకి సీలేశారు. ఆ సాయంత్రమే టౌన్ హాల్లో మంత్రిగారికి సన్మానం.

"బగ్గు వల్ల ఈ ఊళ్లో ఒక్క కొట్టయినా మూతపడిందా?" అని గర్జించారు.

"లేదు!" అన్నాం. నిజమే కదా.

మెట్లు దిగుతూ నా భుజం తట్టారు. "పొద్దుట్నుంచీ ఏం తిన్లేదయ్యా. ఇక్కడ వేడి బనిత్సా ఎక్కడ దొరుకుతుంది?"

నేను తీసుకెళ్లి దొబ్రినక్క కొట్టు ముందు నిలబెట్టాను. తలుపు మీది సీలు కాయితాన్ని ఆయన వంగి, కళ్లద్దాలు సవరించుకుని చదివారు.

"సంతకం నాదే," అన్నారు. "బాగా పడింది."