రచయిత పేరు: తెలియదు

వెలగలూరు పట్టణ గ్రంథాలయంలో ఈ-పుస్తకానికీ దాని కేటలాగు పత్రానికీ పొంతన కుదరకపోతే, నలభై ఎనిమిది గంటల్లోగా పుస్తకమే మారిపోతుంది. పత్రం మారదు. పత్రాలు ఈ-పుస్తకాలు అమ్మే కంపెనీ నుంచి సీలుతో వస్తాయి కనుక వాటి మీద చెయ్యి వేసే అధికారం ఇక్కడ ఎవరికీ లేదు.

నాలుగు వందల పేజీల నవలకు పత్రంలో నలభై అని పడితే, కథానాయిక నలభయ్యో పేజీలోనే పెళ్లి చేసుకుని ఊరుకుంది. చదివినవాళ్లు ఇదే నయమన్నారు. 'విషయం: కోళ్ల పెంపకం' అని వచ్చిన ప్రేమకవితల సంపుటి రైతులకు బాగా పనికొచ్చింది. కవిగారు మొదట్లో కోర్టుకెక్కుతానన్నారు. ఇప్పుడు వ్యవసాయ సభలకు పిలుస్తుంటే వెళ్తున్నారు.

మారాల్సినవి మారాయో లేదో చూసి, 'సరిగా ఉంది' అని ముద్ర వేయడం కేటలాగు విభాగంలో హైమవతి పని. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఆమె చెక్క సొరుగుల నిండా చేతిరాతతో కార్డులు రాసింది. ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. ఈ సంగతి తనంతట తాను ఎవరికీ చెప్పదు. అడిగితే మాత్రం గంటకు తక్కువ చెప్పదు. ఆ అనుభవమంతా కూర్చి ఆరేళ్లపాటు, కుక్కరు మూడు కూతలు వేసేలోగా ఒక పేరా చొప్పున, 'కార్డు రాసే పద్ధతి' అనే పుస్తకం రాసింది.

ఒక సోమవారం ఆ పుస్తకం ఈ-పుస్తకమై వచ్చింది. హైమవతి పత్రం తెరిచింది. పుస్తకం పేరు సరిగా ఉంది. పేజీలు నూట ఎనభై ఆరు, సరిగ్గా ఉన్నాయి. విషయం, సంవత్సరం, ఆఖరికి వెనకనున్న పట్టికల లెక్క కూడా కుదిరింది. కంపెనీ నుంచి ఇంత శుభ్రమైన పత్రం రావడం అదే మొదలు. ఒక్క గడిలో మాత్రం ఇలా ఉంది: రచయిత పేరు: తెలియదు.

"ఇదేం చోద్యం మేడం! ఇప్పుడే లైబ్రేరియన్ గారికి రాసి పడెయ్యండి," అన్నాడు అటెండరు బుల్లెయ్య.

"గడువు తీరకుండా అభ్యంతరం పెడితే తొందరపాటు కింద రాసుకుంటారయ్యా. బుధవారం దాకా ఆగాలి," అంది హైమవతి. ఆ నిబంధన ఆమెకు కంఠతా వచ్చు.

మంగళవారం ఆమె బల్ల మీది పేరుపలక ఖాళీ అయింది. బుధవారం పొద్దున గుర్తింపు కార్డులో ఫొటో ఉంది, పక్కన గీత ఉంది, గీత మీద ఏమీ లేదు. బుల్లెయ్య టీ గ్లాసు ముందు పెట్టి, "మీ పేరు నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోందండీ. ఏమనుకోకండి," అన్నాడు.

గడువు తీరగానే ఆమె లైబ్రేరియన్ పట్టాభిరామయ్య గారి గదికి వెళ్లింది.

"ఎవరమ్మా మీరు?"

"కేటలాగు విభాగం సార్. ఈ పత్రంలో రచయిత పేరు తెలియదని పడింది."

"ఎవరు రచయిత?"

"నేనే సార్."

"మీ పేరు?"

ఆమె గుర్తింపు కార్డు తిప్పి చూసుకుంది. "తెలియదు సార్."

ఆయన పత్రం చూశారు. ఆమెను చూశారు. "పత్రంలోనూ అదే ఉందిగా తల్లీ! అయినా తనిఖీ మీది. తప్పని రాస్తే కంపెనీకి పంపిస్తాను, వాళ్లు దిద్దితే పేరు వచ్చేస్తుంది. మీ విభాగం రాసిన ముక్కని ఇంతవరకు ఎవరూ కాదనలేదు."

ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. తన పుస్తకంలో పన్నెండో పేజీ తీసింది. పత్రంలో ఉన్నదే రాయాలి, ఉండాల్సింది రాయకూడదు అని అక్కడుంది. బాగా రాశాననుకుంది. పత్రాన్ని మళ్లీ మొదటి నుంచీ గడి గడి పోల్చింది. ఇవాళ్టికి అన్నీ నిజమే. 'తప్పు' అని రెండక్షరాలు రాస్తే పేరు తిరిగి వస్తుంది. కాకపోతే అది ఇన్నేళ్లలో ఆమె రాసిన మొదటి అబద్ధం అవుతుంది. ఆమె నడుం నిటారు చేసుకుని, 'సరిగా ఉంది' అని ముద్ర గుద్దింది. సిరా ఎక్కడా చెదరలేదు.

ఆ ఏడాది రాష్ట్రంలో ఉత్తమ కేటలాగు పత్రంగా దానికే బహుమతి వచ్చింది. వేదిక మీద రచయిత కోసం వేసిన ఖాళీ కుర్చీకి శాలువా కప్పారు. ఆమె మూడో వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

"పుస్తకం రాసినాయన ఎవరో పాపం, వచ్చుంటే బాగుండేది," అంది పక్కావిడ.

"ఎవరో తెలియదండీ. పత్రంలో మాత్రం ఒక్క తప్పు లేదు. నేనే చూశాను," అంది ఆమె, కొంగు సర్దుకుంటూ.

ఆమె పేరు పోయినందువల్ల ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అసలు ఎవరూ గమనించలేదు. పెళ్లయిన నాటి నుంచీ భర్త "ఇదిగో" అనే పిలుస్తాడు. అత్తగారికి "ఏమ్మాయ్", పిల్లలకు "అమ్మా", గ్యాసు బండ తెచ్చే మనిషికి "రెండో అంతస్తు మేడం".

ఆ సాయంత్రం ఆమె చెప్పులు విడుస్తుండగానే లోపలి నుంచి, "ఇదిగో, కాఫీ!" అని వినిపించింది.

"ఆఁ, వస్తున్నా," అంది ఆమె వెంటనే. పిలుపుకీ మనిషికీ ఎక్కడా పొంతన తప్పలేదు.