పదమూడేళ్ల కురుమయ్య

ఆ సోమవారం కురుమయ్య అనుకున్న పని చాలా చిన్నది. పదకొండింటిదాకా గొర్రెలు మేపి, వాటిని దొడ్లోకి తోలి, జడ్చర్ల బస్సెక్కి, పింఛను కాగితం నాలుగోసారి ఆఫీసులో ఇచ్చి రావాలి. వెళ్లిన మూడుసార్లూ గుమాస్తా గోపాల్ ఒక్కటే మాట అన్నాడు: "నీ కార్డుల పదమూడేండ్లే ఉన్నయి. ఇంకో నలభై నాలుగేండ్లయినంక రా."

పదమూడేళ్ల కిందట ఊళ్లో ఆధార్ కార్డుల శిబిరం పెట్టిన రోజున, పుట్టిన తేదీ తెలియదన్న ముసలివాళ్లందరికీ కంప్యూటర్ ముందున్న మహానుభావుడు శిబిరం తేదీనే పుట్టిన తేదీగా టైపు కొట్టేశాడు. దాంతో తల నెరిసి, పళ్లూడి, మోకాళ్లు పట్టేసిన కురుమయ్య సర్కారు లెక్కలో బడికి పోవలసిన పిల్లవాడయ్యాడు. పాపం, ఆయన కోరిక కూడా పెద్దదేం కాదు. కొడుకు ముందు చెయ్యి చాచకుండా రోజుకొక చాయ తాగాలి, అంతే.

కాగితంలో ఏమైనా తక్కువైందేమో చూడమని రోడ్డు మీది పంక్చర్ షాపు కమలాకర్‌ను అడిగాడు. కమలాకర్ కూడబలుక్కుంటూ చదివేలోపు గొర్రెలు పంచాయతీవాళ్లు నాటిన మొక్కల వరుసను ఈ కొస నుంచి ఆ కొసకు నున్నగా మేసేశాయి. పుల్లలు మాత్రం మిగిలాయి. పంచాయతీ కార్యదర్శి స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

"ఏం తాతా, కండ్లు కనిపిస్తలేవా? నడువ్ స్టేషన్‌కు," అని ఏఎస్సై వీరేశం జీపెక్కించాడు. స్టేషన్‌లో పేరు రాసుకొని, కార్డు చూసి, రాస్తున్న కలం ఆపేశాడు. కిందటి నెలే ఒక మైనర్ పిల్లవాణ్ణి స్టేషన్‌లో కూర్చోబెట్టినందుకు అతనికి మెమో వచ్చింది. ఆపైన మూడు రోజుల శిక్షణ. పిల్లలను లాకప్‌లో వేయొద్దు, బేడీలు వేయొద్దు, యూనిఫాంలో కనిపించొద్దు, తల్లిదండ్రులకు చెప్పాలి, ఇరవై నాలుగు గంటల్లో జువెనైల్ బోర్డు ముందు పెట్టాలి. వీరేశానికి ఇదంతా నోటికి వచ్చు.

లోపలికి వెళ్లి గళ్ల చొక్కా తొడుక్కొని వచ్చి, కురుమయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బాబూ, భయపడకు. బిస్కెట్ తింటవా?"

కురుమయ్య తిట్టే పోలీసును చూశాడు, కొట్టే పోలీసును చూశాడు. బిస్కెట్ ఇచ్చే పోలీసంటే తనకు ఉరిశిక్షే ఖాయమనుకున్నాడు.

"సారూ, నాకు అరవై దాటినయి!"

"అట్లనే అంటరు బాబూ. కార్డు ఏమంటాందో అదే నాకు ముఖ్యం. మీ అమ్మను పిలిపిస్తున్న."

మనవడి బండి మీద కురుమయ్య తల్లి గోపమ్మ దిగింది. ముగ్గుబుట్టలాంటి ఆ తలను చూశాక ఆమె కార్డు అడగాలని వీరేశానికి తోచలేదు. పిల్లవాణ్ణి చెడు సావాసాలకు పోనివ్వనని, రేపు బోర్డుకు తీసుకొస్తానని ఆమెతో వేలిముద్ర వేయించుకొని అప్పగించాడు.

"చిన్నప్పటి సంది మాట ఇనడు సారూ," అంది గోపమ్మ.

మర్నాడు మహబూబ్‌నగర్‌లో ప్రొబేషన్ అధికారి రూప ఫారం తీసింది. ఎదురుగా కురుమయ్య, పక్కన తల్లి, వెనక భార్య లక్ష్మీనర్సమ్మ.

"చదువు మధ్యల ఆపేసినవా?"

"మొదలుపెడితె గద మేడం ఆపేది."

"చెడు అలవాట్లు?"

"చుట్ట. ఐతారం నాడు కల్లు."

"ఎవరు అలవాటు చేసిండ్రు?"

కురుమయ్య తల్లివైపు చూశాడు. "పంటినొప్పికని నేనే ఇచ్చిన బిడ్డా," అని గోపమ్మ ఒప్పేసుకుంది. రూప అదీ రాసింది.

"మేపుతున్న గొర్రెలు ఎవరివి?"

"నా కొడుకు లింగస్వామియి."

రూప కలం ఆగింది. పదమూడేళ్ల పిల్లవాడితో గొర్రెలు కాయించినందుకు లింగస్వామి మీద బాలకార్మికుల కేసు. ఆ పిల్లవాడికి కొడుకు ఉన్నందుకు బాల్యవివాహం కేసు. ఆమె లక్ష్మీనర్సమ్మ వైపు తిరిగింది.

"మైనర్‌ను పెండ్లి చేసుకున్నందుకు నీ మీద కేసైతదమ్మా."

"నేనేడ చేసుకున్న? ఆరునెలలు మా ఇంటి చుట్టూ తిరిగింది ఆయన! పెడితె ఆయన మీదనే పెట్టుండ్రి!"

"మేడం, జర నా మొకం చూసి చెప్పుండ్రి," అని కురుమయ్య చేతులు జోడించాడు.

"నాకు కండ్లు లేవా తాతా? వయసు తేల్చేది బోర్డు. అప్పటిదాకా గీ గళ్లు నింపుడే నా పని."

బోర్డు గదిలో గోడల మీద కుందేళ్ల బొమ్మలున్నాయి. బల్లకు అటు మేజిస్ట్రేటు, ఇద్దరు సభ్యులు. మేజిస్ట్రేటమ్మ ఫైలు చూసి, కళ్లద్దాలు తుడుచుకొని, మళ్లీ పెట్టుకుంది.

"పిల్లవాడెక్కడ?"

"ఈయనే మేడం," అన్నాడు గళ్ల చొక్కా వీరేశం.

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఆగదని అందరికీ తెలుసు. కార్డు ఒక్కటే వయసుకు రుజువు కాదంది ఆమె. బడి సర్టిఫికెట్ అడిగింది, లేదు. పుట్టిన పత్రం అడిగింది.

"పెద్ద కరువుల పుట్టిండమ్మా. ఊరంత గంజి తాగినం. ఇంక పత్రమెందుకు?" అంది గోపమ్మ.

"అయితే ఎముకల పరీక్ష చేయించండి."

కురుమయ్య ఏడ్చినంత పని చేశాడు. నాలుగు మొక్కలకు ఎముక తీస్తారా అని దారంతా వీరేశాన్ని అడుగుతూనే ఉన్నాడు. దవాఖానలో ఎముకలకు ఎక్స్‌రే ఫొటోలు తీశారు, పళ్లు లెక్కపెట్టారు. అది తొందరగానే అయిపోయింది. వారం తర్వాత డాక్టర్ల కాగితం వచ్చింది: వయసు అరవై పైబడినది. మేజిస్ట్రేటు చదివి వినిపించింది. ఇతను బాలుడు కాడు, మిగతా కేసులన్నీ చెల్లవు, మొక్కల సంగతి మామూలు కోర్టు చూసుకుంటుంది.

"ఇగ నీకు మామూలు కోర్టే తాతా," అన్నాడు వీరేశం జాలిగా.

కురుమయ్య వినలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మేడం, గా కాగితం నకలు నాకిస్తరా? గిన్నేండ్లకు నన్ను ముసలోడని రాసిండ్రు!"

ముగ్గురు డాక్టర్ల సంతకాలు, బోర్డు ముద్ర చూశాక గుమాస్తా గోపాల్ పింఛను కాగితం తీసుకున్నాడు. పింఛను వచ్చింది. మామూలు కోర్టు మొక్కలు మళ్లీ నాటమంటే, కురుమయ్య పాట పాడుకుంటూ నాటాడు. నాటినంతసేపూ చాయ తాగుతూ, దారిన పోయేవాళ్లందరికీ తన కథ చెప్పాడు.

మొక్కలు నాటిన మరుసటి సోమవారం అటుగా వచ్చిన వీరేశం జీపు ఆపాడు. కొత్త మొక్కల పక్కన ఐదుగురు ముసలివాళ్లు తలో గొర్రెను పట్టుకొని వరుసగా నిలబడ్డారు. గొర్రెలు తింటున్నాయి. అందరికన్నా ముందు గోపమ్మ.

"తినవట్టి గంటాయె బిడ్డా, గిప్పుడా వచ్చేది? నాకు గూడ పింఛను రాదంటుండ్రు. ఇగో, నా కార్డు చూడు."

వీరేశం చూశాడు. అదే శిబిరం, అదే తేదీ. తాను పదమూడేళ్ల పిల్లవాణ్ణి అప్పగించింది పదమూడేళ్ల ఆడపిల్లకు.

అతను జీపులోకి వెళ్లి, గళ్ల చొక్కా తొడుక్కొని, బిస్కెట్ పొట్లంతో దిగాడు.