మా ఇంటికి సుడోకు తెచ్చిన శాంతి

అయ్యా, అమ్మా! కాపురంలో శాంతి కావాలనుకునేవాళ్ళు ఇకమీదట పెద్దమనుషుల చుట్టూ తిరగడం మానెయ్యండి. ఒక ఇంగ్లీషు పేపరు వేయించుకోండి. అందులో సినిమా కబుర్ల పక్కన నిలువుగా తొమ్మిది, అడ్డంగా తొమ్మిది గళ్ళుంటాయి. దాన్ని సుడోకు అంటారు. అది అడుగుపెట్టిన ఇంట్లో గొడవలుండవు. మా ఇల్లే సాక్ష్యం!

మాది లాలాగూడ. నేను రైల్వే ఆఫీసులో గుమస్తాను. మా ఆవిడ ఆలిస్ లెక్కల టీచరుగా చేసి ఈమధ్యే రిటైరైంది. సుడోకు రాకముందు మా ఇంట్లో పొద్దున్నే టీతోపాటు వార్తలు కూడా వచ్చేవి. కుళాయి ఎందుకు రాలేదు, పక్కింటి రోసమ్మగారి కోడలు ఎందుకు అలిగింది, తిరుమలగిరిలో ఉన్న మా తోడల్లుడు ఫోను ఎందుకు చెయ్యడు, అందుకు నేనెలా కారణం... నేను పేపరు అడ్డం పెట్టుకుని "ఊఁ" కొడుతూ ఉండేవాణ్ణి. ఎంత నరకం అనుకున్నారు!

మరి ఇప్పుడో? నిశ్శబ్దం! ఆలిస్ చెవి మీద పెన్సిలు, ఒళ్ళో పేపరు. "ఇవాళ టిఫినేంటి?" అని అడిగితే, "జెర ఆగు, ఏడు దొరికింది" అంటుంది. మొన్న ఉప్మాలో ఉప్పు లేదని కావాలనే గొంతు పెంచాను. ఉప్పుడబ్బా తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఒక్క ఎదురుమాట లేదు! ఇంత ప్రశాంతత ఇంకెక్కడైనా దొరుకుతుందా?

కాకపోతే మనిషన్నాక ఇంట్లో ఒక మాటా మంతీ ఉండాలి కదండీ. మా ఆవిడ నాతో మాట్లాడాలంటే దారి ఆ గళ్ళలోంచే ఉందని తేలిపోయింది. అందుకని నేనూ సుడోకు నేర్చుకోవడానికి పూనుకున్నాను.

మొదటిరోజే విజయం! ప్రతి వరసలో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉండాలి, అంతేగా? వాళ్ళు ముందే అచ్చేసిన అంకెలు వదిలేసి, లేనివన్నీ వరసగా రాసుకుంటూ పోయాను. గడ్డం గీసుకున్నంతసేపు కూడా పట్టలేదు. గర్వంగా ఆలిస్‌కి చూపించాను.

"నిలువు సుత చూడాలయ్యా" అంది.

నిలువు చూశాను. ఒకచోట ఐదులు సంతలో జనంలా గుమిగూడి ఉన్నాయి. మర్నాడు నిలువులు సరిచేస్తే అడ్డాలు చెడ్డాయి. ఆ రెండూ ఎలాగో సర్దుకున్నాయనుకునేసరికి, "మూడు గళ్ళకు మూడు గళ్ళు డబ్బా ఉంటది, దాంట్ల సుత తిరిగి రావద్దు" అని ఇంకో బాంబు వేసింది. ఒక్క మనిషి మూడు వైపులా ఎలా చూస్తాడు? ఆఫీసులో నాకు జీతమిచ్చేది ఒకవైపు చూడ్డానికే! రబ్బరుతో రుద్దీ రుద్దీ, వెనకపేజీలోని క్రికెట్ స్కోరు కనపడేదాకా తెచ్చాను.

సుడోకు వచ్చిందో లేదో గానీ, దాని జబ్బు మాత్రం వచ్చేసింది. అంకెలు ఎక్కడ తిరిగి కనపడినా ఒళ్ళు జలదరిస్తుంది. అల్వాల్ వెళ్ళే ఆటో నంబరులో రెండు మూడులుంటే, దాన్ని వదిలేసి ఇంకో ఆటో ఎక్కాను.

ఇక చర్చి సంగతి. మా చర్చిలో ఆరాధనకు ముందు పాటల నంబర్లు బోర్డు మీద పెట్టడం నా బాధ్యత. బోర్డు మీద ఏ నంబరుంటే అదే పాట. పాస్టరుగారు నోటితో ఇంకొకటి చెప్పినా సంఘం బోర్డునే నమ్ముతుంది. ఒక ఆదివారం మా సంఘంలోని రిచర్డ్ గారి రిటైర్మెంటుకి కృతజ్ఞతారాధన. పాస్టరు జ్ఞానశేఖర్ అయ్యగారు నాకు చెప్పిన పాటలు 152, 377, 488.

ఒకదాని కింద ఒకటి పెట్టి వెనక్కి జరిగి చూద్దును కదా, అచ్చం సుడోకు డబ్బా! అందులో ఏడు రెండుసార్లు, ఎనిమిది రెండుసార్లు! ఆరు, తొమ్మిది అసలు లేనే లేవు! నా చెయ్యి నా మాట వినలేదు. రెండో పాటను 376 చేశాను, మూడోదాన్ని 489 చేశాను. జీవితంలో మొదటిసారి ఒక డబ్బా తప్పుల్లేకుండా నిండింది. కళ్ళు చెమర్చాయి.

376 సమాధి దగ్గర పాడే పాట.

హార్మోనియం అందుకుంది, సంఘం లేచి నిలబడింది, ఒక్క చరణం కూడా వదలకుండా పాడారు. పూలదండతో ముందు వరసలో ఉన్న రిచర్డ్ గారు బయటికి రాగానే నా చెయ్యి పట్టుకున్నారు. "ఏంది జకర్యన్నా, నేను రిటైర్ అయిన గని, పోలే కదా!"

అందరి ముందూ తలవంపులైనా, లోపల నాకు ఒకటే ఆనందం. ఇవాళ ఆలిస్ నన్ను ఉతికి ఆరేస్తుంది! ఇంటిదాకా ఎదురుచూస్తూ నడిచాను. గేటు దగ్గర నోరు విప్పింది. "డబ్బా మాత్రం మంచిగ కుదిరింది" అని లోపలికెళ్ళి పేపరు తీసుకుంది.

ఆ క్షణంలో నిజంగా ఏడుపొచ్చింది. ఈ శాంతి నాకొద్దు. ఆవిడ గొంతు కావాలి నాకు.

మర్నాడు పొద్దున ఆలిస్ స్నానానికి వెళ్ళినప్పుడు, ఆమె సగం నింపిన గళ్ళలో ఒకచోట తప్పుగా నాలుగు అంకె రాశాను, అచ్చం ఆమె రాతలాగే. వచ్చి కూర్చుంది. రాసింది. చెరిపింది. మళ్ళీ రాసింది. చివరికి పెన్సిలు బల్ల మీద కొట్టింది.

"ఎవరు రాసిండ్రు గీ నాలుగు?"

"నేనే" అన్నాను. అంతే! ఆ నాలుగుతో షురూ అయి, రిచర్డ్ గారి పాట, రోసమ్మగారి కోడలు, తోడల్లుడి ఫోను, పెళ్ళినాటి మా అమ్మ మాట దాకా వెళ్ళింది. మధ్యలో ఊపిరి తీసుకుంటూ, తిట్టే గొంతుతోనే, "టీ చల్లగైంది, ఇంకోటి పెట్టాల్నా?" అని అడిగింది.

పెట్టమన్నాను. కప్పుతో తిరిగి వచ్చాక, ఎక్కడ ఆపిందో నేనే గుర్తు చేశాను.