చర్చి గోడకు తెర పట్టిన పుణ్యం

చర్చికి కావలసింది తెర. గోడ కాదు!

ఈ మాటకు కళ్ళెర్రజేసేవాళ్ళు ఉంటారని తెలుసు. దూలాల్లో చెదపురుగు వయసు చెప్పగలిగేవాళ్ళు, జోరువానలో గొడుగు పట్టుకుని గోపురాల ఫొటోలు తీసేవాళ్ళు, మూడు ఊళ్ళ అవతల మరో పాత చర్చి ఉందంటే మధ్యాహ్నం భోజనం మానుకుని పరుగెత్తేవాళ్ళు. వాళ్ళంతా కాసేపు శాంతించి ఇంగ్లండులో, సఫోక్‌లోని మా వెన్లింగమ్ ఊరి సంగతి వినాలని మనవి. విన్న తర్వాత కూడా గోడే గొప్పదంటారా? అనండి. ప్రగతి మీ కోసం ఆగదు!

మా చర్చి గోడలు చెకుముకి రాళ్ళవి. పైకప్పు దూలాల చివర రెక్కలు విప్పిన దేవదూతలు. పీఠం ముందున్న పెద్ద కమాను మీద, గోడ నిండా, అంత్యతీర్పు చిత్రం. ఐదారు వందల ఏళ్ళ కిందట ఎవరో ఊరి చిత్రకారుడు గీశాడు. పైన ఇంద్రధనుస్సు మీద కూర్చున్న క్రీస్తు. మధ్యలో త్రాసు పట్టుకున్న మిఖాయేలు దూత, ఆయన చూడకుండా ఒక తట్టను కిందికి లాగుతున్న దయ్యం. కింద చేప నోరులా తెరుచుకున్న నరకం. అందులోకి వెళ్తున్నవాళ్ళ ఒంటి మీద నూలుపోగు లేదు, నెత్తిన టోపీలు మాత్రం ఉన్నాయి. రాజుకు కిరీటం, బిషప్పుకు బిషప్పు టోపీ. వరసలో చివర బీరు కూజా పట్టుకున్న ఒక లావుపాటి ఆవిడ. కొలత తగ్గించి అమ్మిన పాపానికి ఆమెకు ఆ గతి పట్టింది.

ఇలాంటిది ఎదురుగా ఉంటే మనిషి ప్రశాంతంగా ప్రార్థన ఎలా చేసుకుంటాడు? చెప్పండి!

ఈ ఇబ్బందిని మొట్టమొదట గుర్తించిన మహానుభావుడు క్రిస్పిన్ యాక్స్‌లీ. కొత్తగా వచ్చిన వికార్, అంటే చర్చి గురువు. ఆ పదవి పేరే అంత, తెలుగు చెవికి ఎలా వినబడినా నా పూచీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయన ఒక్కడే. మంచివాడు, నవ్వుముఖం, ఎప్పుడూ కారు దిగుతూనో ఎక్కుతూనో కనబడతాడు. వచ్చిన కొద్ది రోజులకే చర్చి కమిటీని కూర్చోబెట్టి, కమాను మీద పెద్ద తెల్ల తెర కట్టి దాని మీద కీర్తనలు వేద్దామన్నాడు.

కమిటీ పెద్ద హెస్టర్ గార్లిక్. ఊరి బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ ముందు ఊళ్ళో సగం మంది ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతారు.

"గోడ మీద బొమ్మ ఉంది కదా, వికార్ గారూ?" అంది.

"దాని సంగతే, మిస్ గార్లిక్. అందరూ బట్టల్లేకుండా ఉన్నారు!"

"టోపీలున్నాయిగా. అవీ లేకపోతే ఎవరు ఎవరో తెలిసేదెట్లా?"

"చిన్నపిల్లలున్నవాళ్ళు వస్తారండీ. నరకం చూపించి బెదరగొడితే ఎట్లా?"

"ఇన్నేళ్ళు బడి నడిపాను. ఆ దయ్యాలకి పిల్లలు పేర్లు పెట్టారే గానీ ఒక్కళ్ళూ భయపడలేదు. ఒకదానికి నా పేరే పెట్టారు."

కమిటీలో అందరూ బల్లకేసి చూశారు. ఆ పేరు పెట్టినవాళ్ళలో ఇద్దరు అక్కడే ఉన్నారు.

ప్రార్థన అయిపోగానే తెర పైకి చుట్టేస్తామని వికార్ మాట ఇచ్చాడు. చేతులెత్తించి చూస్తే తెరే గెలిచింది.

ఆ తర్వాత కలిగిన మేళ్ళు ఏమని చెప్పను! తల వంచి పుస్తకం చూసే పని తప్పింది. పక్క టౌనులో మెడనొప్పులకు వైద్యం చేసే ఒకావిడ దుకాణం మూసుకుందని వినికిడి. అబద్ధమే కావచ్చు, కానీ ప్రగతికి పనికొచ్చే అబద్ధం. కీర్తనల పుస్తకాల బరువు తగ్గింది. పాటలో రెండో చరణం రానివాళ్ళు కూడా గొంతెత్తి పాడేశారు. బిషప్పు గారు పర్యటనకు వచ్చి, నరకంలో తన టోపీ కనబడకపోవడంతో ఎంతో హాయిగా రెండు కప్పుల టీ తాగి వెళ్ళారు.

తెర చుట్టే మోటారు మాత్రం గేదె అరిచినట్టు అరిచేది. అందుకని చుట్టడం మానేశారు. ఖాళీ తెర బోసిగా ఉందని ఎవరో అన్నారు. అప్పుడు వికార్‌కు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. తెర కట్టకముందే ఆ గోడ చిత్రాన్ని మంచి కెమెరాతో ఫొటో తీయించి పెట్టుకున్నాడు, వారం పొడుగునా దాన్నే తెర మీద వెలిగించారు!

గమనించారా? చిత్రం ఉంది. చిత్రం ముందు తెర ఉంది. తెర మీద ఆ చిత్రమే ఉంది. ఇంతకన్నా నాగరికత ఏముంటుంది?

వేసవిలో ఒక డచ్చి జంట వచ్చి తెరకు ఫొటోలు తీసుకుంటున్నారు. పీఠం దగ్గర పూలు సర్దుతున్న హెస్టర్ ఉండబట్టలేకపోయింది.

"అసలుది దీని వెనకాలే ఉందండీ. కావాలంటే తెర తీయిస్తాను."

"వద్దు వద్దు, మీకెందుకు శ్రమ? దీంట్లో రంగులు బాగా కనబడుతున్నాయి," అన్నాడాయన.

హెస్టర్ పూలన్నీ ఒకే కుండీలో కుక్కేసి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇదంతా చూసి కడుపుబ్బ నవ్వినవాడు ఆవిడ తమ్ముడు అంబ్రోస్. ఊరి పబ్బు అతనిదే. బీరు పొయ్యడంలో చెయ్యి కొంచెం నురగ వైపే ఉండేది. గోడ మీద కూజా పట్టుకున్నావిడ మా ముత్తవ్వే అని ప్రతివాడికీ చెప్పేవాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో ఆవిడకు ఎదురుగా ఉన్న బల్ల మీదే కూర్చునేవాడు. ప్రసంగం విసుగెత్తితే ఆవిడకేసి చూసి కన్నుగీటడం కూడా హెస్టర్ గమనించింది.

ఆకులు రాలే రోజుల్లో అతనికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆసుపత్రిలో అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, నా పెట్టె లోపలికి తెచ్చేటప్పుడు ఆ గుడ్డ తీయించు. ముసల్దాన్ని ఒకసారి చూసి పోతాను."

"పెట్టెలోంచి నువ్వేం చూస్తావురా?"

"నేను చూడకపోతేనేం. అది నన్ను చూస్తుంది కదా."

హెస్టర్ సరేనంది. ఆ వారంలోనే అతను పోయాడు.

ఆవిడ వికార్ దగ్గరికి వెళ్ళి తమ్ముడి కోరిక చెప్పింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నిజంగానే! తప్పకుండా తెర తీయిస్తానన్నాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ దయగల మనిషి ఎప్పుడైనా అంతటితో ఆగుతాడా? పబ్బులో అడిగి అంబ్రోస్ పాత ఫొటోలు పోగుచేసి, హెస్టర్‌కు చెప్పకుండా ఒక స్లైడ్ షో తయారుచేశాడు. కీర్తన కాగానే ఫొటోలు చూపించి, ఆ తర్వాత తెర ఎత్తాలని ఆయన ఏర్పాటు.

భూస్థాపన రోజున చర్చి కిటకిటలాడింది. అంబ్రోస్ పెట్టె వచ్చి కమాను ముందు ఆగింది. తెర దించే ఉంది! ముందు వరసలో హెస్టర్ చేతి తొడుగులు పిండుతూ కూర్చుంది. మాట తప్పానే అన్న దిగులు ఆవిడ ముఖంలో కనబడుతూనే ఉంది.

కీర్తన ముగిసింది. వికార్ రిమోట్ తీసి ఒక మీట నొక్కాడు. ఏం నొక్కాడో ఆయనకే తెలియాలి. ఒకేసారి అటు ఫొటోలూ మొదలయ్యాయి, ఇటు తెరా లేచింది. గేదె అరిచినట్టు అరిచి, సగం దాకా లేచి ఇరుక్కుపోయింది. స్వర్గం తెర వెనకే ఉండిపోయింది. కింది సగంలో నరకం బయటపడింది. తెర మీదా గోడ మీదా కలిపి, చెయ్యెత్తు మనిషి పది రెట్లయి, సముద్రపుటొడ్డున బీరు గ్లాసు పట్టుకుని నవ్వుతున్న అంబ్రోస్ వెలిశాడు. తలకాయ తెర మీద. బొజ్జ దయ్యాల మధ్య. గ్లాసు సరిగ్గా కూజా పట్టుకున్నావిడ ముఖం ముందు.



వెనక వరసలోంచి విల్ఫ్ క్యాచ్‌పోల్, గంటలు మోగించేవాడు, నోరు జారాడు. "తల స్వర్గంలో, పొట్ట నరకంలో. ఇది మాకెప్పుడో తెలుసు."

ముందు ఎవరో ముక్కులో నవ్వారు. తర్వాత పక్కవాళ్ళు. వికార్ ముఖం పాలిపోయింది. రిమోట్‌ను అరచేత్తో బాదుతూ, "క్షమించండి, ఆపేస్తున్నా, ఆపేస్తున్నా," అంటూ గోడలోని ప్లగ్గు కోసం పరుగెత్తాడు.

"ముట్టుకోకండి!"

ఆవిడ బడి వదిలాక మళ్ళీ ఇన్నాళ్ళకు ఊరు విన్న గొంతు అది. వికార్ ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. హెస్టర్ లేచి నిలబడింది. నవ్వుతోంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఉండనివ్వండి. కొలత సరిగ్గా ఉందో లేదో ఆవిడ చూసుకుంటోంది."

పెట్టెను శ్మశానంలో పూడ్చి వచ్చిన తర్వాత కూడా జనం ఇళ్ళకు పోలేదు. మళ్ళీ లోపలికి వచ్చి, మెడలు వెనక్కి వాల్చి, ఆ దయ్యం ఎవరు, ఈ టోపీ ఎవరిదని వాదించుకున్నారు. తెర మీద ఏడాదంతా వెలిగిన బొమ్మను ఒక్కరూ ఇంతసేపు చూడలేదు.

తర్వాతి కమిటీలో మోటారు బాగుచేయించే సంగతి వచ్చింది. తెర తీసేయాలంది హెస్టర్. వికార్ తన వాదన సిద్ధం చేసుకుని వచ్చాడు.

"చరిత్ర చూడండి, మిస్ గార్లిక్. దేశం కాథలిక్కు మతం వదిలి ప్రొటెస్టెంటు మతం పట్టిన రోజుల్లో మన పెద్దలే దాని మీద సున్నం కొట్టారు. మూడొందల ఏళ్ళు సున్నం కిందే ఉంది. కప్పబట్టే బతికింది! మనం చేసిందీ అదేగా?"

"కాదండీ. వాళ్ళు దాన్ని చూసి, భయపడి కప్పారు. మీరు చూడకుండానే కప్పారు."

పాపం, వికార్ నిజాయితీపరుడు. లేచి చర్చిలోకి వెళ్ళి కమాను కింద నిలబడ్డాడు. చాలాసేపటికి తిరిగి వచ్చాడు.

"ఆ నరకంలోని బిషప్పు... ప్రసంగం చెప్పేవాడి వైపే చూస్తున్నాడండీ."

"అవును. అందుకే మీ ముందున్న వికార్ ప్రసంగాలు చిన్నవిగా ఉండేవి."

తెర బడికి చేరింది. గోడ గెలిచింది. రాళ్ళ ప్రేమికులారా, చప్పట్లు కొట్టండి!

కొట్టడం అయిందా? ఇక మిగతాది వినండి. క్రిస్మస్ దాకా జనం తలలెత్తి చూశారు. కొత్త సంవత్సరంలో కొందరు చూశారు. చలి ముదిరేసరికి ఎవరి ఫోను వాళ్ళు చూసుకున్నారు. నరకం నోరు తెరుచుకునే ఉంది, దయ్యం త్రాసు లాగుతూనే ఉంది, పట్టించుకునే నాథుడు లేడు. ఇన్ని వందల ఏళ్ళలో ఆ గోడను ఊరంతా కళ్ళారా చూసింది తెర అడ్డం వచ్చి లేచినప్పుడే. ఇప్పుడు చెప్పండి, తెర వరమా, శాపమా?

హెస్టర్ ఇదంతా ముందు వరసలోంచి వెనక్కి తిరిగి చూసింది. వంగిన తలలు లెక్కపెట్టి లాభం లేదనుకుంది. ప్రార్థన అయ్యాక కారెక్కబోతున్న వికార్‌ను ఆపింది.

"మీ తెర ఇంకా బడిలోనే ఉందా?"

"ఉందండీ. ఏం?"

"ఈస్టర్ ముందు శ్రమల రోజులు వస్తున్నాయి కదా. ఆ రోజుల్లో చర్చిలో బొమ్మలకి గుడ్డ కప్పడం పాత ఆచారమే. ఈ ఏడు మనమూ కప్పుదాం. ఈస్టర్ పొద్దున తీద్దాం."

వికార్ ముఖం దీపంలా వెలిగింది. "ఎంత బాగా చెప్పారు, మిస్ గార్లిక్! మోటారు రేపే బాగుచేయిస్తాను!"

"చేయించండి," అంది హెస్టర్, చెయ్యి చాపుతూ. "రిమోట్ మాత్రం ఇప్పుడే ఇచ్చెయ్యండి."