తెలుగుకు సగం డిస్కు

"తెలుగోడికి కంప్యూటర్లో గూడా ఒక రాజ్యం ఉండాల! అది సగానికి ఒక్క అంగుళం తగ్గితే నేను ఒప్పుకోను!"

ఈ చారిత్రక ప్రకటన చేసినవారు తమిళ రాష్ట్రంలోని తిరుత్తణి తెలుగు భాషా పరిరక్షణ సమితి అధ్యక్షులు శ్రీ కోదండరామ గారు. విన్నవారు తొమ్మిది మంది కార్యవర్గ సభ్యులు, ఎవరో దానమిచ్చిన ఒక పాత కంప్యూటరు. అందరిలోకీ శ్రద్ధగా విన్నది కంప్యూటరే!

నా పేరు మనస్వి. తిరువళ్లూరులో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో ఉద్యోగం. సమితిలో కంప్యూటరు ఆన్ చేయడం వచ్చిన ఏకైక వ్యక్తిని గనుక నన్ను ఏకగ్రీవంగా కార్యదర్శిని చేశారు. కోదండరామ గారు నాకు వరసకు మామ. ఆయనకు అత్తిమంజేరిపేటలో చెరకు తోటలున్నాయి. ఆయన మాటకు అడ్డు చెప్పే అలవాటు మా చుట్టాల్లో ఎవరికీ లేదు.

తీర్మానాన్ని నేనే అమలు చేశాను. ఒకే కంప్యూటరులో రెండు వ్యవస్థలు పెట్టాను. ఆన్ చేయగానే విండోస్ కావాలా, లినక్స్ కావాలా అని అడుగుతుంది. లినక్స్ తెలుగు పనికి, విండోస్ అధ్యక్షుల వారి ఆఫీసు పనికి. అయితే డిస్కును పంచేటప్పుడు మామ నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఐదు వందల జీబీలో తెలుగుకు దక్కింది నూట ఇరవై.

"సగమన్నారు గదా మామా?"

"సగమంటే సగమేనా అమ్మా? అది వేదిక మీద నిలబడి అనే మాట. ఇప్పుడికి ఇది సాలు."

అంతటితో ఆగలేదు. తమ భాగానికి రహస్య సంకేతంతో తాళం కూడా వేయించుకున్నారు. లినక్స్ వైపు నుంచి తొంగి చూసినా ఏమీ కనపడదు. ఆ సంకేతం కొట్టేటప్పుడు కండువాను కీబోర్డు మీద గొడుగులా పట్టేవారు. అధ్యక్షుల వారి ఆఫీసు పని అంత గోప్యమైనది మరి!

ఆ తర్వాత మూడు నెలలు నేను చెంగమ్మవ్వ పాటలు వీడియో తీశాను. అవ్వకు ఎనభై దాటాయి. నాట్లు వేసేటప్పటి పాటలు, ఊయల పాటలు, మొగుణ్ణి తిట్టే పాటలు ఆమె నోట్లో వందకు పైగా ఉన్నాయి. ఫలానా ఆదివారం సాయంత్రం నాలుగింటికి అవ్వ పాటలను తెర మీద చూపిస్తామని సమితి ఆహ్వాన పత్రిక వేసింది. తనను తాను తెర మీద చూసుకోవడానికి అవ్వ వ్యాను మాట్లాడుకుని సపరివార సబంధుమిత్రంగా బయలుదేరింది.

ఆ ఆదివారం పొద్దున పాటలన్నిటినీ ఒక్క సినిమాగా కూర్చమని లినక్స్‌కు చెప్పాను. ‘స్థలం లేదు’ అంది.

బయట తగిలించుకునే డిస్కు ఒకటి ఉంటే సరిపోయేది. దాన్ని కొనాలన్న ప్రతిపాదన ఉపసంఘం పరిశీలనలో ఉంది. ఆ ఉపసంఘంలో ఎవరెవరుండాలన్న విషయం ఇంకో ఉపసంఘం పరిశీలనలో ఉంది!

"మామా, విండోస్‌ను కొంచెం తగ్గించి జాగా ఇయ్యాల. లేకుంటే ఈ పొద్దు అవ్వ పాట కనపడదు."

"ఇయ్యనన్నానా? తెలుగు కోసరం పానమైనా ఇస్తాను!"

"పానమొద్దు మామా. నూటయాభై జీబీ సాలు."

మామ ఆలోచనలో పడ్డారు. ప్రాణమైతే అప్పుడే ఇచ్చేసేవారు. జీబీలు కాబట్టి అరగంట పట్టింది. చివరికి కండువా కప్పి సంకేతం కొట్టారు. నేను విండోస్‌లోంచే దాని భాగాన్ని కుదించబోయాను. మూడు జీబీ మాత్రమే వదులుతానంది. మధ్యలో కదలని ఫైళ్లు అడ్డం కూర్చున్నాయట! యజమాని పోలికలు వస్తువుకు వస్తాయి కాబోలు. వాటిని ఒక్కొక్కటిగా లేపి, రెండుసార్లు ఆపి తెరిచి, నూటయాభై జీబీ రాబట్టేసరికి ఒంటిగంటయింది.

అసలు పని అప్పుడు మొదలైంది. ఖాళీ అయిన చోటు లినక్స్‌కు ఎడమ పక్కన పడింది. దాన్ని కలుపుకోవాలంటే లినక్స్ మొత్తాన్ని సామానుతో సహా ఎడమకు జరపాలి. అందుకని పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరును నడిపి, జరపడం మొదలుపెట్టాను. పాటల అసలు ప్రతులు ఫోను కార్డుల్లో భద్రంగా ఉన్నాయి గనుక నాకు ధైర్యం.

"ఎంతసేపమ్మా?" అన్నారు మామ.

"మూడు గంటలు పట్టొచ్చు మామా. అందాకా ఆపకూడదు. ఆపితే మొత్తం పోతుంది. విండోస్ గూడా తెరవకూడదు."

"మూడు గంటలా! సర్వేయరొస్తే అరగంటలో హద్దురాయి నాటి కాఫీ తాగి పోతాడు గదమ్మా!"

ఆయన ముఖంలో రంగు మారింది. కారణం నేను అడగలేదు.

రెండున్నరకు కరెంటు పోయింది! యూపీఎస్ కీచుమని అరిచింది. దాని ఆయుష్షు పది నిమిషాలు. హాల్లో మైకులు బిగిస్తున్న పాల్‌రాజ్ అన్న పరుగెత్తుకొచ్చాడు. ఆయన వారమంతా కాట్టుపల్లి ఓడల యార్డులో కాంట్రాక్టు పని చేస్తాడు, ఆదివారం చర్చి అయ్యాక మైక్‌సెట్టు నడుపుతాడు. జనరేటరు ఆయనదే.

"సీక్రం వైరియ్యి పాపా! మైకు తర్వాత చూసుకుందాం, ముందు దీనికి!" అంటూ మొదటి లైను కంప్యూటరుకే లాగాడు. యూపీఎస్ అరుపు ఆపింది.

మూడున్నరకు హాలు నిండింది. మామ నన్ను చెయ్యి పట్టి మూలకు లాక్కెళ్లారు.

"మనస్వీ, ఒక్క నిమిషం విండోస్ తెరువు."

"అరవై శాతమే అయ్యిండాది మామా. ఇప్పుడు తెరిస్తే ఈ పొద్దు అవ్వ పాటలు తెర మీదికి రావు."

"నా ఉపన్యాసం దాంట్లో ఉండాదమ్మా!"

"దానికేం మామా! మీరు మొన్న నా ఫోన్‌కు నోటితో చెప్పినారు గదా, ఫోనే దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చింది, అచ్చేయించి పెట్టినాను. చూడండి, ఎంత బాగుండాదో!"

మామ ఆ కాగితాన్ని కోర్టు నోటీసులా పట్టుకున్నారు. అటూ ఇటూ చూసి నా చెవిలో అన్నారు.

"దాంట్లో తమిళ ఎళుత్తులో రాసి పెట్టుకుండానమ్మా. మాట తెలుగే. అక్షరం మాత్రం..."

ముప్పై ఏళ్లుగా ఆయన తెలుగు ఉపన్యాసాలు విని కళ్లు తుడుచుకున్నవాళ్లం! నాకు నవ్వు రాలేదు. కారణం తర్వాత తెలుస్తుంది.

"కార్యవర్గం తొమ్మిది మంది ఉండారు మామా. కండిప్పా, తప్పకుండా ఎవురో ఒకరు చదువుతారు," అని ధైర్యం చెప్పాను.

సభ మొదలైంది. మామ గొంతు సవరించుకుని, గొంతు బాగాలేదని ప్రకటించి, కాగితాన్ని కోశాధికారి దండపాణి గారికి అందించారు. దండపాణి గారు పెద్దలుండగా తాను చదవడం మర్యాద కాదని ఉపాధ్యక్షుల వారికిచ్చారు. ఉపాధ్యక్షుల వారికి హఠాత్తుగా ఫోనొచ్చింది, ఫోను మోగకుండానే! కాగితం వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఊరేగింది. ఒకాయన దాన్ని కళ్లకద్దుకుని పక్కాయనకిచ్చారు. భాషాభిమానం అంటే అదీ! చివరికి నా దగ్గరకొచ్చింది. సరిగ్గా అప్పుడే నాకు కంప్యూటరు దగ్గర అత్యవసరమైన పని గుర్తొచ్చింది. పోతూ పోతూ, మైకు ఎత్తు సరిచేస్తున్న పాల్‌రాజ్ అన్న చేతిలో కాగితం పెట్టేశాను.

పాల్‌రాజ్ అన్న దాన్నొకసారి చూశాడు. మైకు ముందు నిటారుగా నిలబడి, ప్రతి ఆదివారం చర్చిలో తెలుగు బైబిలు వాక్యం చదివే గొంతుతో అందుకున్నాడు.

"సభాసదులారా! తల్లి భాషను చదవడం రానివాణ్ణి నేను తెలుగువాడని ఒప్పుకోను!"

వేదిక మీద తొమ్మిది మందీ తమ కాలివేళ్లను లెక్కపెట్టుకున్నారు.

ఎక్కడా తడబడలేదు. ఒత్తులు ఒత్తుల్లాగే పలికాయి. అది తాను చెప్పిన ఉపన్యాసమే అయినా, మామ మొదటిసారి వింటున్నట్టు విన్నారు. చివర్లో ‘ఆమేన్’ పెదవి దాకా వచ్చినా, పాల్‌రాజ్ అన్న దాన్ని నమస్కారంగా మార్చేశాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

అప్పటికి లోపల తొంభై శాతం. "ఇంకా ఆలస్యమా? ఆ పెట్టె పాడేదాకా నేనెందుకు కూసోవాల?" అంటూ చెంగమ్మవ్వ తానే మైకు దగ్గరకొచ్చి మొగుణ్ణి తిట్టే పాట ఎత్తుకుంది. ఆడవాళ్లంతా గొంతు కలిపారు. ఐదుంబావుకు లినక్స్ కొత్తింట్లో కళ్లు తెరిచింది. ఇంకో ఇరవై నిమిషాలకు అవ్వ తెర మీద కనిపించింది. కింద కూర్చున్న అవ్వ పైనున్న అవ్వను చూసి, "చీర మార్చుకుని ఉండాల్సింది," అని తెగ బాధపడింది.

మామకు ఉత్సాహం తిరిగొచ్చింది. మైకు లాక్కున్నారు.

"పాల్‌రాజ్ లాంటోడు మన సమితిలో లేకపోవడం మనకే సిగ్గు! ఈ పొద్దే నిన్ను మెంబరుగా చేర్చుకుంటుండాం! ఇన్నాళ్లు ఎందుకు అడగలేదబ్బా?"

"అడిగినానయ్యా," అన్నాడు పాల్‌రాజ్ అన్న నెమ్మదిగా. "పోయినేడు ఫారం తెలుగులోనే నింపి ఇచ్చినాను. తిరిగొచ్చేసింది."

"తిరిగొచ్చిందా? ఏమని?"

పాల్‌రాజ్ అన్న ఫోనులో దాచుకున్న ఉత్తరం ఫొటో తెరిచాడు. ఉత్తరం తమిళంలో ఉంది. దాన్ని తెలుగు చేసి చదివాడు.

"‘తమ దరఖాస్తు చదవదగిన భాషలో లేనందున తిరస్కరించడమైనది. తెలిసిన భాషలో నింపి మరల పంపగలరు.’"

ముందుగా చెంగమ్మవ్వే పకపకా నవ్వింది.

"ఎవురు రాసినారిది?" మామ వేదిక అదిరేలా గర్జించారు. "తెలుగు సమితిలో ఉండి తెలుగు చదవను రానోళ్లు ఎవురు?"

పాల్‌రాజ్ అన్న ఉత్తరం అడుగున చూశాడు, నా వైపు చూశాడు, ఫోను జేబులో పెట్టుకోబోయాడు. మంచి మనిషి! మామ ఊరుకోలేదు. ఫోను లాక్కుని, సంతకాన్ని వేళ్లతో పెద్దది చేశారు. కార్యదర్శి సంతకం గుండ్రంగా, ముత్యాల్లాంటి తమిళ అక్షరాల్లో ఉంది.

మామ ఈసారి ఎవరికీ అందించలేదు. గొంతు కూడా బాగానే ఉంది.

"మనస్వి!" అని మైకులో తడుముకోకుండా చదివేశారు.